మేక తిన్న పత్రిక

కదిరి నుంచి నల్లమాడకు పోయే బస్సు ఊరు దాటీ దాటకముందే ఒక డిగ్రీ కాలేజీ దగ్గర ఆగుతుంది. ఆ గేటు పక్కనే హనుమక్క టీ అంగడి. పైన రేకులు, మూడు వైపులా సున్నం పూసిన గోడలు, ముందర కూర్చోవడానికి రెండు నాపరాళ్ళు. పొద్దున బస్సు దిగిన పిల్లలకు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. మధ్యాహ్నం మీద టీ, కారం బొరుగులు. పేరులోనే అక్క ఉండటం వల్ల ఆమెకు వయసుతో సంబంధం లేకుండా పోయింది. అంగడి పెట్టిన కొత్తలో వచ్చిన పిల్లలూ అక్కా అన్నారు, వాళ్ళ తలలు నెరిసే కాలం దగ్గరపడినా ఇప్పుడొచ్చేవాళ్ళూ అక్కా అనే అంటున్నారు.

"అరవై దాటినా నిన్ను ముసిల్దానా అనేటోడు లేడు చూడే. మీ నాయన మంచి పేరే పెట్టినాడు," అంటాడు భర్త నల్లప్ప, మేకలను తోలుకొని పోతూ.

"నువ్వుండావు గదా అనేకి," అంటుంది హనుమక్క.

వాళ్ళది నల్లమాడకు అవతల ఒక పల్లె. కొంచెం చెనిక్కాయ చేను, ఒక జత ఎద్దులు, ఒక బోరు. బోరు ఎండిపోయింది. ఇంకొకటి వేస్తే నీళ్ళకు బదులు తెల్లటి దుమ్ము లేచింది. ఎద్దులను కదిరి సంతకు తోలిన పొద్దు హనుమక్క ఇంట్లోనుంచి బయటికి రాలేదు. మెడలో గంటల చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా రోకలి పట్టుకొని ఉత్త రోట్లో దంచుతూ కూర్చుంది. ఆ తర్వాత పట్నం చేరి నల్లప్ప మండీలో మూటలు మోశాడు, ఆమె నాలుగిళ్ళలో పాచిపని చేసింది. చివరికి ఈ అంగడి, నాలుగు మేకలు. ఆమె బతుకులో చెప్పుకోవడానికి అంతే ఉందని ఆమె కూడా అనుకునేది, మేక పత్రిక తినేదాకా.

ఆ కాలేజీకి ఒక గోడపత్రిక ఉంది. పేరు 'పదును'. విత్తనం వేయడానికి సరిపడా తడి నేలకు దిగితే ఈ సీమలో పదునైందంటారు. పిల్లలు నెలకోసారి పెద్ద చార్టుల మీద చేత్తో రాసి, పక్కన బొమ్మలు వేసి, ప్రహరీగోడకు బయటివైపు రోడ్డుకు కనబడేలా అతికిస్తారు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళే దాని పాఠకులు. బస్సు ఎంత ఆలస్యమైతే పత్రికకు అంత మంచిరోజు.

మొట్టమొదటి సంచిక అతికించింది చాలా ఏళ్ళ కిందట, ఒక వేసవికి ముందు. మైదా బంక. చుట్టుపక్కల పచ్చిపోచ లేని రోజులు. హనుమక్క మేకల్లో ఒకటి, నల్లచెవులది, మధ్యాహ్నం వేళ వెనక కాళ్ళ మీద నిలబడి కింది వరస మొత్తం శుభ్రంగా తినేసింది. పిల్లలు గుంపుగా అంగడి మీదికి వచ్చారు. ఒకడి చేతిలో చిరిగిన చార్టు ముక్క.

"అక్కా, మీ మేక మా సంపాదకీయం తినేసింది!"

"ఏం తినింది?" హనుమక్క కంగారుగా బజ్జీల పిండి చేతితోనే లేచింది. "దానికేమన్నా అయితాదా?"

"మేకకు కాదక్కా, మాకు అయింది."

వెనకనుంచి తెలుగు లెక్చరర్ శ్రీరంగప్ప సారు వచ్చాడు. పత్రిక పెట్టించింది ఆయనే. పెద్దగా కోప్పడని మనిషి, నవ్వు కూడా మీసం కిందే దాచుకుంటాడు. హనుమక్క చేతులు జోడించింది.

"సార్, తప్పయిపాయ. కట్టేసుకుంటాం. ఏమన్నా శిచ్చ ఎయ్యండి."

సారు ఆలోచించాడు. "తిన్నదేమో మేకకు తెలిసింది. మేకను మేపేదానివి, నీకు తెలియకపోతే ఎట్లా? కూర్చో. వీళ్ళ దగ్గర చిత్తు కాగితాలున్నాయి. నీ మేక తిన్నదంతా నీకు చదివి వినిపిస్తారు. కదలకుండా వినాల. అదే శిక్ష."

అలా హనుమక్క నాపరాయి మీద కూర్చుంది. సంపాదకీయం ఆమెకు అర్థం కాలేదు. కవిత కూడా అంతే. దాంట్లో వాన పడితే మాత్రం "యా ఊర్లో?" అని అడిగింది. కథ దగ్గరికి వచ్చేసరికి నీళ్ళ ట్యాంకరు వెనక బిందె పట్టుకొని పరిగెత్తే ఒక ఆడపిల్ల వచ్చింది. హనుమక్క పిండి ఎండిపోయిన చేతిని అడ్డం పెట్టింది.

"ఆగప్పా. ఆ పాప పొద్దున ఏమన్నా తినిందా?"

కథ రాసినవాడు బిక్కమొహం వేశాడు. ఆ సంగతి వాడు ఆలోచించలేదు. మిగతావాళ్ళు పగలబడి నవ్వారు. కథ అయిపోయాక హనుమక్క కొంగుతో మొహం తుడుచుకొని, శిక్ష పడిన మనిషి అడగకూడని మాట అడిగింది.

"మళ్ళ ఎప్పుడు రాస్తారు?"

తర్వాతి నెల బంక తానే కాచిస్తానంది. మైదా ఉడికేటప్పుడు అందులో కలబంద గుజ్జు కలిపింది, చేదుకు మేక నోరు పెట్టదని. బంక గోరువెచ్చగా ఉండగానే వేలికి కొంచెం తీసుకొని నల్లచెవుల మేకకు చూపించేది. అది మూతి తిప్పుకుంటే బంక కుదిరినట్టు. కానీ పిల్లలకు వెంటనే ఇచ్చేది కాదు. "చల్లారనీండి" అనేది. చల్లారేలోపల పత్రికంతా చదివి వినిపించాలి. ఆ తర్వాతే గిన్నె చేతికి వస్తుంది. ఎవరో పెట్టిన రూలు కాదది. నెలాఖరు శనివారం, కాలేజీ వదిలిన తర్వాత, అట్లా జరగడం అలవాటైపోయింది.

ఆ రూలుకు పరీక్ష పెట్టినవాడు సుదర్శన్ అనే కుర్రవాడు. వాడి కథలో కరువుకు తట్టుకోలేక ఒక రైతు ఎద్దును సంతలో అమ్మేసి ఒంటరిగా ఇంటికొస్తాడు. వాడు చదవడం ముగించి గిన్నె కోసం చెయ్యి చాపాడు. హనుమక్క గిన్నెను తన వెనక్కి జరుపుకుంది.

"పోయి ఎద్దును తోలుకొని రాపో."

"అది కథక్కా!"

"కథే అయితే తోలుకొచ్చేకి ఏం కష్టం నీకు? అది వచ్చేదంకా బంక లేదు."

పిల్లలు గేటు దగ్గర తలలు కలిపి గుసగుసలాడారు. సుదర్శన్ తిరిగివచ్చి కాగితంలోకి చూస్తూ, అందులో లేనిది చదివాడు. రైతుకు దోవలో కాళ్ళు ఆడలేదనీ, వెనక్కి పరిగెత్తాడనీ, పొద్దుగూకే వేళకు ఎద్దు తన గాటిపాట్లో నిలబడి గడ్డి నములుతోందనీ. గడ్డి నమిలే చప్పుడు కూడా చెప్పాడు. హనుమక్క "ఊఁ" అని గిన్నె ఇచ్చింది.

సోమవారం పొద్దున బస్సు కోసం వచ్చిన కుళ్ళాయప్ప, సంతలో తాళ్ళూ చర్నాకోలలూ అమ్మేవాడు, ఉగ్గాని తింటూ అన్నాడు: "ఏమక్కా, మీ పిల్లోడెవడో ఎద్దును అమ్మిపారేసినాడే. గోడమీద చదివినా. పొద్దున్నే మనసంతా చెడిపాయ."

హనుమక్క చేతిలో గరిటె ఆగింది. ముందు కోపం వచ్చింది. గేటువైపు చూసింది. తనకొకటి చదివి గోడకొకటి అంటించారా! వాడు రానీ, బజ్జీ బదులు గరిటె పెడతాననుకుంది. కానీ బొరుగుల్లో తిరగమోత కలుపుతుండగా మొన్నటి గడ్డి నమిలే చప్పుడు మళ్ళీ చెవిలో పడింది. తన ఎద్దులు సంత నుంచి తిరిగి రాలేదు. ఎవరి ఎద్దులూ రావు. అయినా ఒక పిల్లవాడు నిలబడిన చోటనే, తన కోసం, ఒకదాన్ని తోలుకొచ్చాడు. దాన్ని మళ్ళీ తోలెయ్యడానికి ఆమెకు మనసొప్పలేదు. సుదర్శన్ వచ్చినప్పుడు ఏమీ అనలేదు. ఒక బజ్జీ ఎక్కువ పెట్టింది.

అది మొదలు. సీనియర్లు జూనియర్లకు చెప్పిపోయే మాటల్లో అదొకటైపోయింది: "హనుమక్క ముందర ఎవర్నీ చంపగాకండి." గోడమీద చనిపోయినవాళ్ళు ఆమె అంగట్లో బతికారు. గోడమీద విడిపోయినవాళ్ళు ఆమె ముందర కలిసి పెళ్ళి భోజనాలు పెట్టారు, ఏమేం వండించారో కూడా చెప్పవలసి వచ్చేది. సోమవారం బస్సు జనం నోట అసలు ముగింపు ఆమె చెవిన పడేది. ఆమె టీ వడపోస్తూ వినేది, అంతే. నల్లప్పకు కూడా చెప్పలేదు.

ఒక ఏడాది కాలేజీ పిల్లలు ఆమెకు చదువు నేర్పాలని పలక తెచ్చారు. హనుమక్క పేరులో మొదటి అక్షరందాకా వచ్చి పలక తిరిగి ఇచ్చేసింది.

"ఎందుకక్కా?"

"నాకు సదువొస్తే మీరు నాకు సదివి చెప్తారా?"

శ్రీరంగప్ప సారు ఆ మాట విని మీసం దాటి నవ్వాడు. తర్వాత కొంతకాలానికి ఆయనకు గుత్తికి బదిలీ అయింది. పోయేముందు వచ్చి టీ తాగి, "శిక్ష ఇంకా పూర్తి కాలేదు, గుర్తుపెట్టుకో" అన్నాడు.

*

ఈ మధ్య రెండేళ్ళుగా చదివి వినిపించేది కృపాకుమారి. బొమ్మలు కూడా ఆమే వేస్తుంది. తల్లీ తండ్రీ బెంగుళూరులో కట్టడం పనుల్లో ఉంటే అవ్వ దగ్గర పెరిగిన పిల్ల. కాలేజీలో చేరిన మొదటిరోజు అవ్వ కూడా బస్సులో వచ్చింది. తెల్ల చీర, మెడలో నల్లదారానికి చిన్న సిలువ. అంగడి ముందర నిలబడి హుకుం జారీ చేసింది.

"ఇదో హనుమక్కా, మా పాపకు టీ ఇయ్యగాకు. పాలియ్యి. ఎండకు మాడిపోయింది."

"అట్లే అవ్వా," అంది హనుమక్క. నాలుగు రోజులు పాలే ఇచ్చింది. అయిదో రోజు పిల్ల బతిమాలింది. ఆ టీ సంగతి అవ్వకు ఎప్పటికీ తెలియలేదు.

కృపాకుమారి చదివితే హనుమక్కకు ఎదురుగా జరుగుతున్నట్టే ఉండేది. ఎక్కడ ఆపమన్నా ఆగేది, ఏమడిగినా కల్పించి చెప్పేది. చచ్చేవాళ్ళను బతికించడంలో ఆ పిల్లకున్న నేర్పు ఎవరికీ లేదు. అట్లాంటిది, ఈసారి వేసవి సెలవుల తర్వాత వచ్చిన కృపాకుమారి వేరేగా ఉంది. టీ తీసుకొని నిలబడే తాగి వెళ్ళిపోతోంది. చివరి సంవత్సరం, పరీక్షల భయమేమో అనుకుంది హనుమక్క.

శ్రావణంలో, ఈ ఏడాది మొదటి సంచిక చదవవలసిన శనివారం వచ్చింది. హనుమక్క బంక కాచింది. మొదటి నల్లచెవుల మేకకు మునిమనవరాలో ఇంకా దూరమో అయిన మేకకు వేలు చూపించింది. అది మూతి తిప్పుకుంది. కాలేజీ వదిలారు. పిల్లలంతా బస్సులెక్కిపోయారు. బంక మీద మీగడ కట్టింది. ఎవరూ రాలేదు.

పొద్దు వాలే వేళకు ఐశ్వర్య స్కూటీ ఆపింది. కదిరిలో బట్టల అంగడివాళ్ళ అమ్మాయి, శనివారాలు వాళ్ళ అంగట్లో పని ఉంటుందని చదువులకు ఎప్పుడూ కూర్చోలేదు. చురుకైనది, మనసు మంచిది, ఈ ఏడాది పత్రికకు ఎడిటరు.

"అక్కా, మా అమ్మకు బజ్జీలు కట్టియ్యి. ఇంకో సంగతి, ఇంక నీకు ఆ బంక కష్టం లేదు. కాలేజీని చూసేకి కమిటీ వస్తాందని ప్రహరీకి రంగు ఏపిస్తాండారు, ఏమీ అంటించగూడదన్నారు. అందుకే పత్రిక ఫోన్లోకి తెచ్చేసినా."

ఫోన్ తెరిచి చూపించింది. కృపాకుమారి వేసిన బొమ్మలు రంగురంగుల్లో వెలిగిపోతున్నాయి. హనుమక్క ఒక బొమ్మను ముట్టుకోబోతే పేజీ పక్కకు జారిపోయింది.

"బాగుండాది పాపా," అంది. నిజంగానే బాగుంది.

"గోడమీదైతే బస్సు కోసం నిలబడ్డోళ్ళే గదా చదివేది? ఇప్పుడు హైదరాబాదులో ఉండే సీనియర్లు కూడా చదువుతాండారు. నీకు కూడా ఏర్పాటు చేసినా. మొత్తం నేనే చదివి రికార్డు చేసినా, నీ ఫోన్‌కు పంపిస్తా. ఎప్పుడంటే అప్పుడు వినచ్చు."

ఆ పిల్ల మొహంలో సంతోషం చూసి హనుమక్క ఇంకేమీ అనలేకపోయింది. బజ్జీలు కట్టిచ్చింది. గిన్నె మీద మూత పెట్టింది.

మర్నాడు ఆదివారం, అంగట్లో బేరం లేదు. ఫోన్‌ను చక్కెర డబ్బాకు ఆనించి పెట్టింది. ఫోన్లో దుడ్లు పడినప్పుడల్లా ఎంత పడిందో అరిచి చెప్పే డబ్బా పక్కనే ఉంటే నల్లప్ప దాన్ని చూపించాడు.

"దీంట్లో పెట్టించుకోరాదా? దీనికి గొంతు పెద్దది."

"ఊరికే ఉండయ్యా, వినబడల్ల."

ఐశ్వర్య గొంతు స్పష్టంగా, వార్తలు చదివినట్టుగా వచ్చింది. మొదట ఒక కవిత. అందులో వాన. "ఆగు పాపా, యా ఊర్లో?" అంది హనుమక్క. గొంతు ఆగలేదు. వాన పడుతూనే పోయింది, ఏ ఊర్లోనో తెలియకుండానే కవిత అయిపోయింది.

"దానికి చెవుల్లేవే," అన్నాడు నల్లప్ప. "నోరొక్కటే."

తర్వాత కథ. రాసింది కృపాకుమారి. ఒక అవ్వ, ఒక మనవరాలు. అవ్వ కొంగున చెనిక్కాయలు ముడేసి స్కూలుకు పంపడం, చర్చికి పోయే దోవలో పిల్ల చెప్పులు తెగితే తన చెప్పులు విడిచివ్వడం. మనవరాలిని కాలేజీలో చేర్చిన రోజు టీ అంగడి ముందర నిలబడి, టీ ఇవ్వొద్దు, పాలివ్వమని చెప్పడం. హనుమక్క నవ్వింది, తను కథలోకి వచ్చినందుకు. ఆ నవ్వు పెదవుల మీద ఉండగానే ఐశ్వర్య గొంతు, ఏ మార్పూ లేకుండా, వేసవిలో ఒకరోజు తెల్లవారింది కానీ అవ్వ లేవలేదని చెప్పి, తర్వాతి పేజీకి వెళ్ళిపోయింది.

పొయ్యిమీద నూనె పొగలు కక్కింది. నల్లప్ప వచ్చి మంట తగ్గించాడు.

ఇన్నేళ్ళలో ఆ అంగట్లో ఎవరూ చనిపోలేదు. మొదటి చావు ఇది. అదీ కథలో మనిషిది కాదు. తన ముందర నిలబడి హుకుం జారీ చేసిన తెల్ల చీర మనిషిది. హనుమక్కకు ఆ కబురు కూడా తెలియదు. నూనె పక్కకు దించి, ఫోన్‌ను బోర్లా పెట్టింది. కృపాకుమారి ఎందుకు నిలబడే టీ తాగి పోతోందో అప్పుడర్థమైంది. తన ముందర కూర్చుంటే చదవాలి. చదివితే అవ్వను బతికించాలి. అందర్నీ బతికించిన పిల్లకు ఆ ఒక్కమనిషిని బతికించడం నోటికి రాలేదు.

"అడగరాదా పోయి?" అన్నాడు నల్లప్ప, సంగతి విని.

"ఏమని అడుగుదు? ఇన్నాళ్ళూ బంక ఇస్తి, కథ వింటి. ఇప్పుడు ఉత్తచేతుల్తో పోయి, నాకు కథ సదవండని అడిగేదా? వద్దంటే? మొత్తానికే వద్దంటే?"

అదే ఆమె భయం. అడగకపోతే, వాళ్ళు మళ్ళీ వస్తారేమో అనుకుంటూ అయినా ఉండొచ్చు. అడిగి లేదనిపించుకుంటే ఆ నాపరాయి మీద ఇంక ఎప్పటికీ ఎవరూ కూర్చొని చదవరు. నల్లప్ప తలపాగా విప్పి దులిపి మళ్ళీ చుట్టుకున్నాడు.

"ఉత్తచేతుల్తో ఎందుకు? బంక తీసుకొనే పో."

"వాళ్ళకు బంక వద్దంట గదయ్యా."

"నీకు కథ కావల్లనా వద్దా?"

సోమవారం పొద్దున బేరం కాగానే హనుమక్క కొత్తగా బంక కాచింది. కాచిందంటే కాచింది. కలబంద కోసం పోయే ధ్యాస లేదు, మేకకు వేలు చూపించే ఓపికా లేదు. గిన్నెకు గుడ్డ చుట్టి గేటు దాటింది. వాచ్‌మన్ సుంకప్ప అడ్డం వచ్చాడు.

"ఏమక్కా, సార్లకు టీ తెస్తివా?"

"బంక."

"గోడకు ఏమీ అంటించగూడదు, ప్రిన్సిపాల్ సార్ చెప్పినాడు."

"గోడకు కాదులేప్పా. కంప్యూటర్‌కు."

సుంకప్ప ఆ మాట అర్థం చేసుకునేలోపల ఆమె లైబ్రరీ మెట్లెక్కింది. లోపల ఐశ్వర్య, కృపాకుమారి ఒక తెర ముందర కూర్చొని ఉన్నారు. హనుమక్క గిన్నెను బల్ల మీద పెట్టింది.

"దీనికి యాడ పూయల్లో చెప్పండి. పూసి పోతా."

ఐశ్వర్య కిసుక్కున నవ్వి, హనుమక్క మొహం చూసి ఆపుకుంది. "రికార్డు వినలేదా అక్కా?"

"వింటి పాపా. బాగా సదివినావు. కానీ అది నేను ఆగమంటే ఆగదు. అడిగితే చెప్పదు." హనుమక్క కొంగు కొస వేలికి చుట్టుకుంది. "మీకు బంక వద్దు. సరే. నాకు మాత్రం కథ కావల్ల. మనిషి సదివితే వినల్ల. ఇచ్చేకి నా కాడ ఇంకేమీ లేదు. అందుకే అడుగుతాండా."

కృపాకుమారి తల వంచుకొని కీబోర్డు వైపు చూస్తోంది.

"అవ్వ కథ నువ్వు సదువు కృపా," అంది హనుమక్క, స్టూలు లాక్కొని కూర్చుంటూ.

ఆ పిల్ల తెర తన వైపు తిప్పుకుంది. మెల్లగా మొదలుపెట్టింది. కొంగున చెనిక్కాయల దగ్గర గొంతు కుదురుకుంది. చెప్పుల దగ్గర హనుమక్క ఆపి, "ఎట్లాంటివి ఆ చెప్పులు?" అని అడిగితే, "టైరు చెప్పులక్కా, ఆమె కాలు పెద్దది, నేను ఈడ్చుకుంటా పోతిని," అని లేనిది కలిపి చెప్పింది. పాల దగ్గరికి వచ్చినప్పుడు ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. వేసవి వచ్చింది. తెల్లవారింది.

"తెల్లారితే అవ్వ..." కృపాకుమారి ఆగింది. "అవ్వ లేచి, మొహం కడుక్కొని, పొయ్యి..."

ఐశ్వర్య తెరవైపు వంగి చూసింది. అక్కడ అట్లా లేదు. అయోమయంగా కృపాకుమారిని చూసింది.

"వద్దు పాపా," అంది హనుమక్క. "రాసిండేదే సదువు."

కృపాకుమారి తలెత్తింది. "రాసింది వేరే అని నీకెట్ల తెలుసక్కా?"

"సుదర్శన్ ఎద్దు కాడ్నుంచీ తెలుసు."

"మరి యా పొద్దూ అనలేదే!"

"అంటే మీరు తోలుకొచ్చేది మానేస్తారు గదా."

కృపాకుమారికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఐశ్వర్య ఏమీ అర్థంకాక ఇద్దరికీ కలిపి ఒక చేతిరుమాలు ఇచ్చింది. కాసేపటికి ఆ పిల్ల రాసినది రాసినట్టు చదివింది. అవ్వ లేవలేదు. చిన్న వాక్యమే. హనుమక్క "ఊఁ" అంది. ఆ తర్వాత ఎప్పుడూ అడిగేదే అడిగింది.

"ముందునాటి మాపున ఏమన్నా తినిందా?"

"అన్నం వద్దనింది. సంగటి చెయ్యమనింది. ఊరిబిండి నంజుకొని ముద్ద తినింది. ఇంకో ముద్ద ఎయ్యనా అంటే..." కృపాకుమారి చేతిరుమాలు మడతపెట్టింది. "రేపటికి పెట్టు అనింది."

"అది రాసినావా?"

"లేదక్కా."

"ఎందుకు రాయలేదు?"

"ఎవరూ అడగలేదు."

ఐశ్వర్య కీబోర్డును కృపాకుమారి ముందుకు జరిపింది. ఆ పిల్ల టైపు చేస్తుంటే హనుమక్క తెరను చూస్తూ కూర్చుంది, అక్షరాలు ఒక్కొక్కటిగా పుట్టడం ఎదురుగా చూడటం ఆమెకు అదే మొదలు. పని అయ్యాక ఐశ్వర్య గిన్నెలోకి తొంగిచూసింది. బట్టల అంగట్లో పెరిగిన పిల్ల, ఏదీ వృథా కావడం ఆమెకు సహించదు.

"కాలేజీ గోడకు అంటించగూడదన్నారు. నీ అంగడి గోడకు కాదు గదా అక్కా?"

ఆ మధ్యాహ్నం అవ్వ కథ ఒక పెద్ద కాగితం మీద అచ్చయి వచ్చింది, పైభాగాన అవ్వ బొమ్మతో. అంగడి బయటి గోడకు అంటించారు. పైనంతా పొగచూరింది కాబట్టి కొంచెం కిందికే. నెలాఖరు శనివారాలు చదువు ఆ నాపరాళ్ళ దగ్గరే జరగాలనీ, ఆ తర్వాతే ఫోన్లోకి పోవాలనీ ఐశ్వర్య ఎడిటరు హోదాలో ప్రకటించింది. "ఎవర్నీ చంపగూడదు అనే రూలు?" అని కృపాకుమారి అడిగితే, హనుమక్క ఆలోచించి, "ఎద్దులను మాత్రం తోలుకొని రాండి," అంది.

మర్నాడు పొద్దున కృపాకుమారి బస్సు దిగేసరికి నల్లప్ప కర్ర పట్టుకొని మేక వెంట పడి తిడుతున్నాడు.

"కలబంద ఎయ్యలేదా ఏమే?"

"మర్చిపోతి," అంది హనుమక్క, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని.

కృపాకుమారి గోడ దగ్గరికి వెళ్ళింది. మేక కిందినుంచి మొదలుపెట్టి అందినంత మేర తిన్నది. చివరి పేరా మొత్తం పోయింది. కాగితం అంచు మేక పళ్ళ గాట్లతో అల్లిన లేసులాగా ఉంది. మిగిలినదాంట్లో ఆఖరి మాటలు నిన్న టైపు చేసినవే. అవ్వ సంగటి ముద్ద తిని, ఇంకోటి రేపటికి పెట్టమంటోంది.

"ఇంకో కాగితం ఏపిచ్చుకొని రా పాపా. ఈసారి చేదుగా కాచిస్తా," అంది హనుమక్క వెనకనుంచి.

కృపాకుమారి కాగితం అంచును వేలితో తడిమింది. "వద్దులే అక్కా. ఇట్లే ఉండనీ."

వచ్చి నాపరాయి మీద కూర్చుంది, సెలవుల తర్వాత మొదటిసారిగా. హనుమక్క గ్లాసు తెచ్చి చేతికిచ్చింది. పాలు.

"టీ గదక్కా అడిగింది?"

"గోడమీద మీ అవ్వ ఉండాది గదా," అంది హనుమక్క. "ఆమె ముందర టీ ఎట్ల ఇచ్చేది?"